తోక చూసి చెప్పిన ఫ్రెంచి

ఇరవై తొమ్మిదేళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్మీడియట్ పిల్లలకు ఫ్రెంచి చెప్పాను. నా దగ్గర చదివి నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకున్నవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లలో ఎవరినైనా దారిలో ఆపి, ఫ్రెంచిలో ఒక గ్లాసు మంచినీళ్లు అడగమనండి. దాహంతోనే ఉండిపోతారు.

పోయినేడు రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, నేను ఎంత క్రమశిక్షణ గలదాన్నో ముగ్గురు చెప్పారు. అంతా అయ్యాక నా స్థానంలో చేరిన హారిక అనే అమ్మాయి పక్కకొచ్చి, "మేడం, మీ టెయిల్ రూల్ లేకపోతే నేను ఈ పిల్లలకు గ్రామర్ ఎలా చెప్పేదాన్నో తెలీదు. ఇలాంటివి ఇంకేమైనా ఉంటే రాసివ్వండి మేడం" అంది. పాపం, మెచ్చుకుంటున్నాననే అనుకుంది. నాకు కప్పిన శాలువా కింద చెమట పట్టింది.

అడిగింది కాబట్టి రాస్తున్నాను. నాకెప్పుడు జీతం పెరిగింది, ఎప్పుడు సీనియర్‌నయ్యాను లాంటివి ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు. ఆ టెయిల్ రూలు ఎలా పుట్టింది, దానివల్ల ఒక పిల్లకు ఏం జరిగింది, అందులో నా పాత్ర ఎంత, ఇవి మాత్రం రాస్తాను. చదివాక హారికకు నా మీద గౌరవం తగ్గితే తగ్గనీ.

స్కోరింగ్ సబ్జెక్టు

నాకు ఫ్రెంచి అంటే ఇష్టం. తెనాలి దగ్గర పుట్టి, హైదరాబాదులో ఎమ్మే చదువుకుని, ఆ భాషలో ఒక పేజీ తడుముకోకుండా చదివిన రోజున హాస్టలు మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ ఆనందం పదిమందికీ పంచుదామనే ఉద్యోగంలో చేరాను.

చేరిన వారానికే అర్థమైంది, మా కాలేజీలో ఫ్రెంచి భాష కాదని. అది స్కోరింగ్ సబ్జెక్టు. జూన్‌లో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చుంటే తల్లిదండ్రులు వచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే. "తెలుగు తీసుకుంటే మార్కులు పడవంట గద మేడం. ఫ్రెంచ్ అయితే సగం ఇంగ్లిష్‌ల రాయొచ్చంట, నిజమేనా?" నిజమే. అప్పటి పేపరు అలాగే ఉండేది. సొంత భాషలో మార్కులు రావని భయపడి, రాని భాషలో పిల్లల్ని చేర్చే తల్లిదండ్రుల్ని నేను ఇక్కడే చూశాను. మాట్లాడే తెలుగు కోస్తాదైనా నల్లగొండదైనా, ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట.

మొదటి ఏడాది నేను నిజంగానే చెప్పాను. పిల్లలచేత మాట్లాడించాను. కొత్తపేట రైతుబజారులో కూరగాయలు బేరమాడినట్టు క్లాసులో ఫ్రెంచిలో బేరాలాడించాను. బెండకాయకు ఫ్రెంచి మాట ఏంటని ఒకడు అడిగితే, తెలియదని ఒప్పుకుని, మర్నాడు వెతుక్కొచ్చి చెప్పాను. మూడో నెలలో డీన్ గారు పిలిచారు.

డీన్ గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చాలా మంచి లెక్కల మాస్టారు. బోర్డు దగ్గర ఆయన నిలబడితే కిటికీలోంచి మేమూ చూసేవాళ్లం. ప్రపంచంలో ఉన్నవన్నీ లెక్కలే అనుకోవడం ఆయన జబ్బు.

"మేడం, పిల్లాడు రోజుకు పద్నాలుగు గంటలు చదువుతున్నాడు. అందులో ముప్పావుగంట మీకిస్తున్నాం. ఆ ముప్పావుగంటలో వాడు అలిసిపోకూడదు. మార్కు మాత్రం ఒక్కటి కూడా పోకూడదు. మీరు బెండకాయల గురించి ఆలోచించడం మానేయండి" అన్నారు.

నేను మానేశాను. ఉద్యోగం పోతుందని ఎవరూ బెదిరించలేదు. నాకై నేనే, సరేనండీ అని తలూపి వచ్చేశాను.

తోక చూడు

పేపరులో పది మార్కుల ప్రశ్న ఒకటి ఉండేది. వాక్యాలిచ్చి, ప్రిపొజిషన్ పక్కన ఉన్న మాట కింద గీత గీస్తారు. అది నామవాచకమా, క్రియా? ఎన్ అనో వి అనో రాయాలి.

మనకు కోసం, లేకుండా, తో లాంటివి మాట వెనక వస్తాయి. ఫ్రెంచిలో ముందొస్తాయి. తేడా అంతే. 'తిండి కోసం వచ్చాడు', 'తినడం కోసం వచ్చాడు' అన్నప్పుడు ఏది వస్తువో ఏది పనో బడి గడప తొక్కని మా అమ్మమ్మ కూడా చెప్పేది. ఫ్రెంచిలో అలాంటి చోట క్రియ సాధారణంగా నిఘంటువులో ఉన్న రూపంలోనే, తన తోకతో సహా నిలబడుతుంది. నామవాచకం చాలాసార్లు ముందొక చిన్న మాట తగిలించుకుని వస్తుంది, కొన్నిసార్లు ఒంటరిగా వస్తుంది. అందుకని వాక్యం మొత్తం చదివి, అర్థం చూసుకుని తేల్చాలి. ఇది పిల్లలకు ఒంటబట్టాలంటే రెండు వారాలు పడుతుంది. డీన్ గారు రెండు రోజులిచ్చారు.

అప్పుడు నా తెలివితేటలు ఉపయోగించి ఒక సూత్రం కనిపెట్టాను. గీత గీసిన మాట చివర చూడు. ఇ-ఆర్, ఐ-ఆర్, ఆర్-ఇ, ఈ మూడు తోకల్లో ఏది ఉన్నా క్రియ. లేకపోతే నామవాచకం. వాక్యం చదవక్కర్లేదు.

వాక్యం చదవక్కర్లేదు. భాష చెప్పడానికి వచ్చినదాన్ని, నా నోటితో నేను ఆ మాట అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ రోజుల్లో పేపర్లో తిప్పి తిప్పి అవే పది, పన్నెండు వాక్యాలు వచ్చేవి. వాటిలో నా సూత్రం పొల్లుపోకుండా పనిచేసేది. మా మెటీరియల్ డిపార్ట్‌మెంటు వాళ్లు దానికి టెయిల్ రూల్ అని పేరుపెట్టి, నల్లటి డబ్బా గీసి అచ్చేశారు. మిగతా బ్రాంచీలకూ పాకింది. నన్ను వేదిక మీదకు పిలిచి పూలగుత్తి ఇచ్చారు.

ఫ్రెంచిలో పుస్తకానికి ఆ తోకే ఉంది. కాగితానికి ఉంది. చలికాలానికి ఉంది, సంతోషానికి ఉంది. ఇవేవీ క్రియలు కావు. ఈ సంగతి ఫ్రెంచి మొదలుపెట్టిన ఆరు నెలలకే ఎవరికైనా తెలుస్తుంది. నాకూ తెలుసు. పరీక్షలో రావు కదా అనుకున్నాను.

సందీప్ ఫోను

ఓ మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుతుంటే ఫోనొచ్చింది.

"మేడం, నేను సందీప్‌ని. మీ పాత స్టూడెంట్‌ని. నాకు నైంటీ నైన్ ఒచ్చినయ్, గుర్తున్ననా?"

అందరికీ అవే మార్కులైతే ఎలా గుర్తుంటాడు? ఉన్నావు నాన్నా, చెప్పు అన్నాను.

"రెజ్యూమెల ఫ్రెంచ్ అని రాసుకున్న మేడం. గిప్పుడు ఫ్రాన్స్ క్లయింట్ మెయిల్ ఒచ్చింది, నాకు ఫ్రెంచ్ ఒస్తదని మా మేనేజర్ నాకే ఇచ్చిండు. జర సాయం చెయ్యుండ్రి."

"కంప్యూటర్‌ని అడిగితే చెబుతుందిగా?"

"క్లయింట్ మెయిల్స్ బయట పెట్టొద్దన్నరు మేడం. అందుకే సొంతంగ చేసిన. బిల్లు 'సాఁ పాపియే' పంపమని రాసిండ్రు. సాఁ అంటే లేకుండ, గది తెలుసు. పాపియే చివర ఇ-ఆర్ ఉంది గద. టెయిల్ రూల్ ప్రకారం వెర్బ్. పేపర్ చెయ్యకుండ బిల్లు పంపుండ్రి అని రాసిచ్చిన. పేపర్ చేసుడంటే ఏందని మేనేజర్ అడుగుతుండు మేడం. నాకేం చెప్పాల్నో తెలుస్తలేదు."

కాగితం లేకుండా పంపమన్నారు, అంటే కంప్యూటర్‌లో పంపమన్నారు నాన్నా అని చెప్పాను. చాలా థాంక్స్ మేడం అని పెట్టేశాడు. ఏడాదిపాటు స్టాఫ్ రూములో ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించాను. మా ఫిజిక్స్ ఆయన పేపరు కరెక్షన్ చేయాల్సి వచ్చినప్పుడల్లా "ఇవాళ నేను పేపర్ చేస్తున్నానండోయ్" అనేవాడు.

ఆ పిల్లాడు ఆఫీసులో నలుగురి మధ్య నవ్వులపాలై నాకు ఫోన్ చేశాడు. అలా నవ్వులపాలు చేసింది నేను. ఈ మాట అప్పుడు నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. మరుసటి ఏడు మెటీరియల్లో అదే డబ్బా, అదే సూత్రం మళ్లీ అచ్చయింది.

ఎనభై మందిలో ఒక్కతె

ఇక మౌనిక సంగతి. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

మౌనిక వాళ్లది నల్లగొండ దగ్గర పల్లె. తండ్రి యాదయ్య బస్సు డ్రైవరు, నల్లగొండ బస్సు నడుపుతాడు. ఎల్బీ నగర్ దాటాక సాగర్ రోడ్డు పక్కన ఒక కాలనీలో కాపురం. పదో తరగతి మార్కులు చూసి అమ్మాయిని మా ఎ సెక్షన్‌లో వేశారు. ఎ సెక్షన్ అంటే ఎనభై మంది పిల్లలు, అనుభవం ఉన్న లెక్చరర్లు, దిల్‌సుఖ్‌నగర్ బిల్డింగు. ఆ సెక్షన్‌లో ఉండాలంటే మా కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఆదివారం పరీక్ష. లాంగ్వేజీలో ఫుల్ మార్కులు రావాలి. ఒక్కటి తగ్గినా, 'సులువైన దాంట్లోనే పోగొట్టుకున్నవాడికి శ్రద్ధ లేనట్టే' అని లెక్కగట్టి ఎల్బీ నగర్ బ్రాంచికి పంపేసేవారు. అక్కడ కొత్తగా చేరినవాళ్లు పాఠాలు చెప్పేవారు. సోమవారం ఉదయం గోడమీద లిస్టు అంటించడం, పిల్లలు బ్యాగు సర్దుకుని బస్సెక్కడం, ఇదంతా నేను మామూలు సంగతిలా చూసేదాన్ని. పదహారేళ్ల పిల్లల్ని బస్తాల్లా అటూ ఇటూ తోలుతున్నామని అప్పుడు అనిపించలేదు.

ఎనభై మందిలో నిఘంటువు కొనుక్కున్నది మౌనిక ఒక్కతే. కోఠీ ఫుట్‌పాత్ మీద పాతది దొరికిందట, అట్ట ఊడిపోయి ఉండేది. ఫ్రెంచి మాట పక్కన పెన్సిలుతో తెలుగు అర్థం రాసుకునేది. క్లాసులో నేను ఒక మాట చెబితే, దాని అర్థం కోసం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడేది. నిజం చెప్పొద్దూ, ఆ చప్పుడు నాకు సంతోషంగా ఉండేది.

ఒక ఆదివారం పరీక్ష పేపరు మారింది. పాత వాక్యాలు పాతబడ్డాయని హెడ్డాఫీసులో ఎవరో ఇంటర్నెట్‌లోంచి కొత్త వాక్యాలు దించారు. 'చలికాలంలో మంచు కురుస్తుంది' అని ఒకటి. 'అతను సంతోషంతో ఒప్పుకున్నాడు' అని ఒకటి. ఆ రెంటిలోనూ గీత గీసిన మాటకు నా తోకే ఉంది. జవాబుల కీ తయారుచేసింది మెటీరియల్ డిపార్ట్‌మెంటులో పనిచేసే ఒకాయన. ఆయనకు ఫ్రెంచి రాదు, రావాలని ఎవరూ అడగలేదు కూడా. నల్లడబ్బాలో నా సూత్రం చూసి, రెండింటికీ వి అని కీ రాసేశాడు.

డెబ్బై తొమ్మిది మంది వి అని రాశారు. మౌనిక ఎన్ అని రాసింది.

నేను పేపర్లు దిద్దాను. కీ పక్కన పెట్టుకుని దిద్దడం అలవాటైపోయి, టిక్కులూ ఇంటూలూ చేతులే వేసుకుపోయేవి. మౌనిక పేపరు దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆగి, రెండు ఇంటూలు వేసింది.

సోమవారం ఇంటర్వెల్లో వచ్చింది.

"మేడం, ఒక డౌట్. 'ఆన్ ఇవేర్' అంటే చలికాలంల అని గద. చలికాలం వెర్బ్ ఎట్లయితది?"

"నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్పలే మేడం. తెలుగుల అనుకొని చూసిన. చలికాలం అంటే ఎవరన్న చేసే పని కాదు గద. సంతోషంతోని అంటే గది గూడ పని కాదు. గందుకే రెండిటికి నౌన్ పెట్టిన."

రెండు వారాలు పడుతుందనుకున్నది ఆ పిల్ల తనంతట తానే పట్టుకుంది. మా అమ్మమ్మ ఎలా చెప్పేదో అలాగే చెప్పింది. లేచి ఆ పిల్లను కావలించుకోవాల్సిన చోట, "నేను చూస్తాలే, నువ్వు క్లాసుకు వెళ్లు" అన్నాను.

డీన్ గారి గదిలో

వెళ్లానండీ. వెళ్లలేదని అనుకోకండి. డీన్ గారి ఎదుట నిలబడి, కీలో రెండు తప్పులున్నాయని చెప్పాను.

"సెక్షన్‌లో ఫుల్ ఎంతమందికి వచ్చాయి?"

"డెబ్బై తొమ్మిది మందికి."

"కీ మారిస్తే?"

"వాళ్లందరికీ రెండేసి తగ్గుతాయి. మౌనిక ఒక్కదానికే ఫుల్ వస్తాయి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే డెబ్బై తొమ్మిది ఇళ్లకు మెసేజ్ పంపాలి. మా మేడం తప్పు రూలు చెప్పారు, మేం దాన్ని అచ్చేశాం, అందుకని మీ పిల్లలకు మార్కులు కోస్తున్నాం అని. అంతేగా? ఆ మెసేజ్ మీరే రాసివ్వండి మేడం. ఇప్పుడే పంపించేస్తాను."

వేళాకోళానికే అన్నారు. కానీ బల్ల మీద కాగితం ఉంది, పెన్ను ఉంది. నేను కూర్చుని రాసిస్తే ఆయన ఏం చేసేవారో మనకు తెలియదు. చింపేసేవారేమో. పంపేసేవారేమో కూడా. లెక్క తప్పితే ఊరుకునే మనిషి కాదు, ఆ సంగతి నాకు తెలుసు. నేను రాయలేదు. రాస్తే తప్పు రూలు నాదని ఊరంతా తెలుస్తుంది. నాకు పూలగుత్తి గుర్తొచ్చింది.

ఇన్నాళ్లూ ఈ కథలో దుర్మార్గుడు డీన్ గారని చెప్పుకుంటూ వచ్చాను. ఆయన దుర్మార్గమూ ఉంది, కాదనను. ఒక్కదాని కోసం డెబ్బై తొమ్మిది మందిని దించలేమన్నది ఆయన లెక్క. దించాల్సింది వాళ్లను కాదు, నన్ను. ఆ లెక్క ఆయన వేయలేదు, నేనూ వేసి చూపించలేదు.

సారీ

బుధవారం యాదయ్య వచ్చాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా మీదే ఉన్నాడు. కౌన్సెలింగ్ రూములో డీన్ గారు, నేను, ఎదురుగా తండ్రీ కూతుళ్లు. మౌనిక ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చుంది. అప్పటికే ఎల్బీ నగర్ బ్రాంచికి వెళ్తోంది.

యాదయ్య డీన్ గారి వైపు చూడలేదు. నావైపే తిరిగాడు.

"మేడం, నేను సదువుకోలే. నాకు ఫ్రెంచ్ తెల్వది, ఇంగ్లిష్ తెల్వది. ఒక్కటే అడుగుత. నా బిడ్డ రాసింది తప్పా, ఒప్పా? గదొక్కటి చెప్పుండ్రి, పోత."

ఇంతకన్నా సూటిగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. ఒక్క మాటలో తేలిపోయే ప్రశ్న. డీన్ గారు ఫోను చూసుకుంటున్నారు, నా జవాబు ఆయనకు ముందే తెలుసు.

"కీ ప్రకారం తప్పండీ" అన్నాను.

'కీ ప్రకారం' అన్న మాటలో దాక్కున్నాను. యాదయ్యకు అందులో 'తప్పు' అన్నది మాత్రమే వినపడింది. ఎవరికైనా అంతే వినపడుతుంది. కూతురి వైపు తిరిగాడు.

"ఇన్నవా? మేడం చెప్తుంది తప్పని. మూడు దినాల సంది నాదే ఒప్పు, నాదే ఒప్పు అని ఇంట్ల లొల్లి పెట్టినవ్. చదువు చెప్పేటోళ్ల కంటె నీకెక్కువ తెలుసా? సారీ చెప్పు మేడంకు."

మౌనిక తల ఎత్తి నన్ను చూసింది. కోపంగా చూసిందని చెప్పను, ఏడుస్తూ చూసిందనీ చెప్పను. ఎదురుచూసింది.

నేను పేపర్ వెయిట్ సర్దాను.

"సారీ మేడం" అంది.

"పర్లేదమ్మా. ఈసారి జాగ్రత్తగా రాయి" అన్నాను.

క్షమించాను. ఒప్పు రాసినందుకు ఆ పిల్లను నేను క్షమించాను. యాదయ్య రెండు చేతులూ జోడించి, ఏమనుకోకుండ్రి మేడం, చిన్న పిల్ల అని కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఆ రోజు కత్తి నా చేతిలో ఉందని అతనికి తెలియదు.

ఫుల్ మార్కులు

ఎల్బీ నగర్ బ్రాంచిలో కూడా వారానికి రెండు రోజులు నా క్లాసులుండేవి. మౌనిక అక్కడ మూడో బెంచీలో కూర్చునేది. నిఘంటువు కనపడలేదు. తెచ్చుకోలేదా అని అడిగితే, అవసరం లేదు మేడం అంది.

మూడో ఆదివారం పరీక్షలో 'సంతోషంతో' మళ్లీ వచ్చింది. మౌనిక వి అని రాసింది. నేను టిక్కు పెట్టాను. ఫుల్ మార్కులు వచ్చాయి. సోమవారం గోడమీద లిస్టులో పేరు పైకి లేచింది, అమ్మాయి బ్యాగు సర్దుకుని మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసింది. డీన్ గారు నన్ను చూసి, "చూశారా మేడం, సిస్టమ్ పనిచేస్తుంది" అన్నారు.

నిజమే, పనిచేసింది. ఒప్పు రాస్తే కిందికి తోసి, తప్పు రాశాక పైకి లాగింది. ఆ తర్వాత ఇంటర్ అయ్యేదాకా మౌనిక నన్ను ఒక్క డౌటు కూడా అడగలేదు. ఎప్పుడూ ఫుల్ మార్కులే. పబ్లిక్ పరీక్షల తర్వాత కాలేజీ గేటు ముందు కట్టిన ఫ్లెక్సీలో ఆ పిల్ల ఫొటో ఉంది, పక్కన ఫ్రెంచిలో తొంభై తొమ్మిది అని ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. వాపును చూసి బలుపనుకోవడమంటే ఏంటో ఆ ఫ్లెక్సీ కింద నిలబడితే తెలిసేది.

హారికకు

అమ్మాయ్, తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా. తల్లిదండ్రులకు ఒక పిడికెడు, మెటీరియల్ ఆయనకు ఒకటి, డీన్ గారికి రెండు వేసుకో. మిగిలిన గంపంతా నాదే. ఎందుకంటే వాళ్లెవరికీ ఫ్రెంచి రాదు. ఆ గదిలో ఒప్పు ఏదో సొంతంగా తెలిసిన పెద్దమనిషిని నేనొక్కదాన్నే. కంచే చేను మేసింది.

నీకు నేనిచ్చే చిట్కాలేమీ లేవు. చిట్కాలే నా జబ్బు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. కీ తప్పని తెలిసిన రోజునే, ఆ గంటలోనే, బోర్డు మీద రాసెయ్యి. రేపటికి ఆగితే లిస్టు అంటించేస్తారు. ఎల్లుండికి ఆగితే పిల్ల బ్యాగు సర్దుకుంటుంది. ఆ పైన ఆగితే నీకే అలవాటైపోతుంది. మార్కులు తగ్గిన పిల్లలు ఏడిస్తే ఏడవనీ, వాళ్లకు కూడా ఒక నిజం తెలుస్తుంది. నీ పేరు పోతే పోనీ. నా పేరు నిలబడింది, ఏం చేసుకోను దాన్ని?

ఇంకొకటి. డౌటు అడిగిన పిల్లతో 'చూస్తాలే' అనకు.

సాగర్ రోడ్డు పక్కన

రిటైరయ్యాక ఒక రోజు ఎల్బీ నగర్‌లో బస్సు కోసం నిలబడ్డాను. నల్లగొండ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు సీట్లోంచి ఎవరో దణ్ణం పెడుతున్నారు. యాదయ్య. కిటికీలోంచి వంగి, "బాగున్నరా మేడం? మీ దగ్గర చదివి మా పిల్ల పైకొచ్చింది. డిగ్రీ మూడో సంవత్సరం. మిమ్మల్ని మరువం" అన్నాడు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. తలూపాను.

ఆ కృతజ్ఞత నాకు మూడు రోజులు అన్నం సయించనివ్వలేదు. అతను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆదివారం నాడు పాత విద్యార్థుల పుస్తకంలో అడ్రసు చూసుకుని, ఆటో మాట్లాడుకుని వాళ్లింటికి వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. యాదయ్య కుర్చీ తుడిచి వేశాడు. మౌనిక లోపల్నుంచి వచ్చి, నమస్తే మేడం అని గోడకు ఆనుకుని నిలబడింది. ఫ్రెంచి చదువుతున్నావా అని అడిగాను. డిగ్రీల తెలుగు తీసుకున్న మేడం అంది. వాళ్లమ్మ టీ తెచ్చి ఇచ్చింది. తాగితే ఇక చెప్పలేనేమోనని గ్లాసు కింద పెట్టేశాను.

"యాదయ్య గారూ, ఆ రోజు కాలేజీలో మీరు నన్నొక మాట అడిగారు. మీ అమ్మాయి రాసింది తప్పా, ఒప్పా అని. నేను అబద్ధం చెప్పాను. మీ అమ్మాయి రాసింది ఒప్పు. మిగతా అందరిదీ తప్పు. నాకు ఆ రోజే తెలుసు."

యాదయ్య నన్ను తిడతాడనుకున్నాను. కూతురి వైపు తిరిగాడు.

"ఇన్నవా బిడ్డా, నువ్వు రాసింది ఒప్పంట."

"నాకు తెలుసు నాన్న."

"ఎప్పుడు తెలుసు?"

"అప్పుడే తెలుసు. మేడంకు తెలుసని గూడ తెలుసు."

"ఒప్పని తెలిసి మరి సారీ ఎందుకు చెప్పినవ్?"

మౌనిక కోపంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

"నువ్వు చెప్పుమన్నవ్. మేడం వద్దనలే."